పరిచయాలు ఆర్డర్లుగా మారాలంటే: ఊళ్లో బిజినెస్ మీటింగులు, చేతిలో ఫోన్

బిజినెస్ మీటింగులకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అక్కడ కస్టమర్ కోసం వెతుకుతారు. వెతకాల్సింది, కస్టమర్‌ని మీకంటే ముందు కలిసే మనిషిని. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే ఏ మీటింగ్‌కు వెళ్లాలి, అక్కడ ఏం మాట్లాడాలి, ఇంటికొచ్చాక ఫోన్‌లో ఏం చేయాలి అన్నవి వాటంతటవే తేలతాయి.

ఊరికే సిద్ధాంతం చెబితే ఎవరికీ పనికిరాదు కాబట్టి ఒక వ్యాపారాన్ని తీసుకుందాం. జీడిమెట్లలో అట్టపెట్టెలు, అంటే కార్టన్ బాక్సులు తయారు చేసే చిన్న యూనిట్ అనుకోండి. పదిహేను మంది పనివాళ్లు, ఇద్దరు ముగ్గురు పాత కస్టమర్లు. వాళ్లలో ఒకరు ఆర్డర్ ఆపేస్తే ఆ నెల జీతాలకే టెన్షన్. ఇలాంటి యజమాని ఏం చేయాలో వరుసగా చూద్దాం. మీది ఇంటీరియర్ పని అయినా, ట్యాక్స్ కన్సల్టెన్సీ అయినా, సాఫ్ట్‌వేర్ సర్వీస్ అయినా లెక్క ఇదే. మనుషుల పేర్లు మార్చుకుంటే చాలు.

మొదటి మెట్టు: కస్టమర్‌ని ముందు కలిసేది ఎవరు?

ఒక కాగితం తీసుకోండి. మీకు లాభం మిగిల్చే కస్టమర్ రకం ఒక్కటే రాయండి. "అందరూ" అని రాయొద్దు. మన పెట్టెల యజమానికి అమెరికాకు పచ్చళ్లు, స్వీట్లు, పొడులు పంపే వ్యాపారులు మంచి కస్టమర్లు. ఆర్డర్ చిన్నదే అయినా తరచూ వస్తుంది, దారిలో పెట్టె చినిగితే నూనె కారి సరుకంతా పాడవుతుంది కాబట్టి వాళ్లు నాణ్యతకు రూపాయి ఎక్కువ పెట్టడానికి వెనకాడరు.

ఇప్పుడు ఆ పచ్చళ్ల వ్యాపారి పెట్టెల గురించి ఆలోచించే ముందు ఎవరెవర్ని కలుస్తాడో రాయండి. ఫుడ్ లైసెన్స్ తీయించే కన్సల్టెంట్. జీఎస్టీ చూసే ఆడిటర్. లేబుళ్లు ప్రింట్ చేసేవాడు. పౌచ్ సీలింగ్ మిషన్ అమ్మేవాడు. విదేశీ కొరియర్ ఏజెంట్. ఈ ఐదుగురిలో ఏ ఒక్కరు మీతో బాగున్నా, నెలకు ఒకరిద్దరు కొత్త వ్యాపారుల సంగతి మీ చెవిన పడుతుంది. పైగా ఈ ఐదుగురికీ మీతో పోటీ లేదు. మీ దగ్గరకు వచ్చే కస్టమర్లు వాళ్లకూ కావాలి. ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

రెండో మెట్టు: ఏ గదిలోకి వెళ్లాలి?

ఇక్కడ తొందరపడితే ఏడాది పోతుంది. ఒక్కో వేదికకు ఒక్కో స్వభావం ఉంటుంది. మీరు రాసుకున్న ఆ ఐదుగురు ఎక్కడ కూర్చుంటారో చూసి ఎంచుకోవాలి తప్ప, స్నేహితుడు రమ్మన్నాడని కాదు.

వారం వారం కలిసి ఒకరికొకరు కస్టమర్లను పరిచయం చేసుకునే రిఫరల్ గ్రూపుల్లో అందరికీ తెలిసింది బీఎన్‌ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్). 1985లో అమెరికాలో ఐవన్ మైస్నర్ మొదలుపెట్టాడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చాప్టర్లు, అంటే శాఖలు ఉన్నాయి. ఒక చాప్టర్‌లో ఒక వృత్తికి ఒక్కరే సభ్యుడు. ఒక కార్టన్ తయారీదారు ఉంటే రెండో వాడికి చోటు లేదు. పొద్దున్నే మీటింగ్, గంటన్నర దాకా పడుతుంది. ఆరు నెలల్లో మూడుసార్లకు మించి రాకపోతే సభ్యత్వం ఇబ్బందిలో పడుతుంది. రాలేని రోజు మీ బదులు ఇంకొకర్ని పంపొచ్చు. ఏడాది ఫీజు ఉంటుంది, టిఫిన్ ఖర్చు వేరు. అతిథిగా రెండుసార్లు వెళ్లి చూసే వీలుంది. ఆ రెండుసార్లూ వేదిక మీద ఏం చెబుతున్నారో కంటే సభ్యుల జాబితా చూడండి. మీ ఐదుగురిలో కనీసం ముగ్గురు ఆ జాబితాలో లేకపోతే, ఎంత ఉత్సాహంగా చప్పట్లు కొట్టినా అది మీ గది కాదు. అతిథిగా వెళ్లిన రోజే చేరిపొమ్మని ఒత్తిడి చేస్తే, "ఇంట్లో, పార్ట్‌నర్‌తో మాట్లాడి చెబుతానండి" అని వచ్చేయండి.

వాణిజ్య మండళ్లది ఇంకో తీరు. హైదరాబాద్‌లోని ఎఫ్‌టీసీసీఐ 1917 నుంచి ఉంది. రాష్ట్ర విభజనకు ముందు ఎఫ్‌ఏపీసీసీఐ అనే పేరుతో చాలామందికి తెలుసు. జీఎస్టీ మార్పులు, ఎగుమతుల నిబంధనలు, బ్యాంకు రుణాల మీద అక్కడ సమావేశాలు జరుగుతుంటాయి. నేరుగా ఆర్డర్లు అడిగే చోటు కాదు. కానీ ఎగుమతుల సమావేశానికి వచ్చేవాళ్లంతా పెట్టెలు కొనేవాళ్లో, కొనేవాళ్లకు సలహా ఇచ్చేవాళ్లో అయి ఉంటారు. ఉత్పత్తి రంగంలో ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. చిన్న పరిశ్రమలవాళ్లకు శిక్షణనిచ్చే జాతీయ సంస్థ, యూసుఫ్‌గూడలోని ని-ఎంఎస్‌ఎంఈలో జరిగే శిక్షణ తరగతులూ అంతే. కలిసి కూర్చుని నేర్చుకున్నవాళ్లు, చేతులు కలిపి కార్డులు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ల కంటే ఎక్కువ కాలం గుర్తుంటారు.

స్టార్టప్ ప్రపంచం వేరు. స్టార్టప్‌లకు చేయూతనిచ్చే టీ-హబ్ 2015లో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలై, 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. మహిళా వ్యాపారుల కోసం 2018 మార్చి 8న వీ-హబ్ వచ్చింది. 1992లో సిలికాన్ వ్యాలీలో పుట్టిన టై అనే వ్యాపారవేత్తల సంస్థకూ హైదరాబాద్ చాప్టర్ ఉంది. సాఫ్ట్‌వేర్, పెట్టుబడులు, కొత్త బ్రాండ్లు మీ రంగమైతే ఇవి బంగారం. అట్టపెట్టెలవాడికి మాత్రం ఇక్కడ పనికొచ్చేది వీ-హబ్ ఒక్కటే. ఇంటి నుంచి ఆహార వ్యాపారాలు మొదలుపెట్టే మహిళలకు పెట్టెలు కావాలి కాబట్టి.

రోటరీ, లయన్స్ క్లబ్బుల్ని సేవ మీద ఇష్టం ఉంటేనే పెట్టుకోండి. అక్కడ స్నేహాలు గట్టిగా నిలుస్తాయి, వాటి వెంట వ్యాపారమూ వస్తుంది, కాకపోతే నిదానంగా. రక్తదాన శిబిరంలో కార్డులు పంచేవాణ్ని రెండోసారి ఎవరూ పిలవరు.

ఇక అందరూ మరిచిపోయేది మీ పారిశ్రామికవాడ సంఘం, మీ బజారు వర్తక సంఘం. జీడిమెట్ల అయినా, బాలానగర్ అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా సంఘం మీటింగ్ అంటే కరెంటు కోతలు, రోడ్ల గుంతలు, పన్నుల గోల. విసుగ్గానే ఉంటుంది. కానీ పక్క వీధిలో మందుల యూనిట్ పెట్టెలు ఎక్కడి నుంచో తెప్పించుకుంటోందని తెలిసేది అక్కడే.

హైటెక్స్‌లో జరిగే ట్రేడ్ ఎక్స్‌పోలకు వెళ్తే ఒక మర్యాద పాటించాలి. స్టాల్ పెట్టినవాడు అద్దె కట్టింది అమ్ముకోవడానికి, మీ దగ్గర కొనడానికి కాదు. స్టాల్ దగ్గర జనం ముసిరి ఉన్న వేళ మీ సరుకు గురించి చెబితే చిరాకు పడతాడు. చివరి రోజు మధ్యాహ్నం వెళ్లండి. స్టాల్‌లో వాళ్లు కాళ్లు లాగి కుర్చీల్లో కూర్చుని ఉంటారు, మాట్లాడే ఓపిక ఉంటుంది.

ఇన్ని చెప్పింది అన్నిటికీ వెళ్లమని కాదు. వారానికో నెలకో కలిసే గది ఒకటి, మూణ్నెల్లకోసారి వెళ్లే గది ఇంకొకటి. అంతకు మించితే ఎక్కడా మీ ముఖం గుర్తుండదు. మీటింగ్‌లు తక్కువగా ఉండే చిన్న ఊళ్లలో అయితే మీరే ఆ ఐదుగుర్నీ నెలకోసారి టిఫిన్‌కు పిలవండి. ఐదుగురు, ఒక హోటల్, ఒక గంట. దానికి పేరూ బ్యానరూ అక్కర్లేదు.

మూడో మెట్టు: వెళ్లేముందు ఫోన్ సర్దుకోండి

మీరు హాల్లో పరిచయం అయిన మనిషి ఇంటికెళ్లి రెండు పనులు చేస్తాడు. మీ నంబర్ సేవ్ చేసి వాట్సాప్‌లో ఫొటో చూస్తాడు, మీ కంపెనీ పేరు గూగుల్‌లో కొడతాడు. ఆ రెండు చోట్లా ఏం కనిపిస్తుందో ముందు మీరే చూసుకోండి.

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో వచ్చింది, ఉచితం. మామూలు వాట్సాప్‌లో ఉన్న నంబర్‌నే దీంట్లోకి మార్చుకోవచ్చు. అదే నంబర్ రెండు యాప్‌ల్లోనూ ఒకేసారి నడవదు కాబట్టి, ఇంటివాళ్ల మెసేజ్‌లు కలిసిపోకూడదనుకుంటే వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోవడం మేలు. ప్రొఫైల్‌లో దేవుడి ఫొటో బదులు మీ ముఖమో, యూనిట్ బోర్డో పెట్టండి. చిరునామా, పనివేళలు నింపండి. క్యాటలాగ్‌లో అన్ని సైజులూ ఎక్కించక్కర్లేదు, ఎక్కువగా అడిగే పది రకాలు చాలు. ప్రతిదానికీ పగటి వెలుతురులో తీసిన ఫొటో, ఎన్ని ప్లైలు (అట్ట పొరలు), కనీస ఆర్డర్ ఎంత అన్నది రాయండి. ధర పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. కాగితం రేటుతో పాటు మారే సరుకుకు పెట్టకపోవడమే మంచిది. క్విక్ రిప్లైలు (ముందే రాసిపెట్టుకునే జవాబులు) రెండు తయారు చేసుకోండి. ఒకటి మీ లొకేషన్, ఫోన్, పనివేళలతో. ఇంకోటి కొటేషన్ ఇవ్వాలంటే కస్టమర్ చెప్పాల్సిన వివరాలతో: పొడవు, వెడల్పు, ఎత్తు, లోపల పెట్టే బరువు, ఎన్ని కావాలి, ప్రింటింగ్ ఉందా.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు ఒక సాయంత్రం కేటాయించండి. ఇదీ ఉచితమే. ఎవరైనా ఫోన్ చేసి "గూగుల్ నుంచి, లిస్టింగ్‌కు డబ్బు కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. ఇప్పుడు ధ్రువీకరణకు తరచుగా వీడియో అడుగుతున్నారు. వీధి నుంచి మొదలుపెట్టి బోర్డు, గేటు, లోపల మిషన్లు ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. ఇంటి నుంచి పని చేసేవాళ్లు చిరునామా దాచి, సేవలందించే ప్రాంతాలు మాత్రం చూపించొచ్చు. కేటగిరీ సరిగ్గా ఎంచుకోవడం అన్నిటికంటే ముఖ్యం, వెతికేవాళ్లకు మీరు కనిపించేది దాన్ని బట్టే. పాత కస్టమర్లలో సంతోషంగా ఉన్నవాళ్లను రివ్యూ అడగండి. డిస్కౌంట్ ఇచ్చి రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, దొరికితే తీసేస్తారు. ఒకే రోజు ఇరవై మంది చుట్టాలు ఐదేసి నక్షత్రాలు ఇస్తే చూసేవాళ్లకూ తెలిసిపోతుంది.

లింక్డ్‌ఇన్ అందరికీ అవసరం లేదు. గుంటూరు మిర్చి వ్యాపారి దానిలో దొరకడు. హైదరాబాద్ ఫార్మా కంపెనీ పర్చేజ్ మేనేజర్ దొరుకుతాడు. అలాంటివాళ్లు మీ కస్టమర్లయితేనే దాని మీద కూర్చోండి. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది. "మేనేజింగ్ డైరెక్టర్" అని వదిలేయకుండా, ఎవరికి ఏం చేసి పెడతారో అక్కడ రాయండి. యాప్‌లో మీ క్యూఆర్ కోడ్ ఉంటుంది. హాల్లో దాన్ని చూపిస్తే స్పెల్లింగ్ చెప్పే పని తప్పుతుంది.

కాగితం కార్డులు ఇంకా కావాలా? కావాలి. మన దగ్గర పెద్ద వయసు వ్యాపారులు కార్డు చేతికిస్తేనే నమ్ముతారు. వెనక వైపు ఖాళీగా వదలండి, రాసుకోవడానికి.

నాలుగో మెట్టు: అర నిమిషం మాట

మీటింగుల్లో ఎక్కువగా వినిపించే పరిచయం ఇలా ఉంటుంది: "నమస్తే అండి, మాది ఫలానా ప్యాకేజింగ్. అన్ని రకాల బాక్సులు చేస్తాం. క్వాలిటీ, సర్వీస్ బెస్ట్. ఎవరికైనా అవసరం ఉంటే చెప్పండి." అందరూ తలూపుతారు. ఎవరికీ ఎవరూ గుర్తురారు. "ఎవరైనా" అంటే బుర్రలో ఏ ముఖమూ మెదలదు.

దాన్నే ఇలా చెప్పి చూడండి: "నమస్తే అండి, జీడిమెట్లలో అట్టపెట్టెలు చేస్తాను. ఈ మధ్య అమెరికాకు పచ్చళ్లు పంపే ఒక ఆవిడకు దారిలో పెట్టెలు నలిగి సీసాలు పగులుతుంటే, 5 ప్లై పెట్టె వేసి లోపల గడులు చేసి ఇచ్చాం. ఈ వారం నాకు ఒకటే కావాలి. మీకు తెలిసిన ఫుడ్ లైసెన్స్ కన్సల్టెంట్ ఎవరైనా ఉంటే పరిచయం చేయండి. ఆయన దగ్గరకు వచ్చే కొత్తవాళ్లకు శాంపిల్ పెట్టెలు ఉచితంగా ఇస్తాను."

ఇక్కడ మూడు జరిగాయి. ఒక చిన్న సంఘటన ఉంది, కాబట్టి గుర్తుంటుంది. అడిగింది ఒక్క రకం మనిషిని, కాబట్టి వినేవాడి బుర్రలో ఒక పేరు మెదులుతుంది. పరిచయం చేసినవాడికి మాట రాకుండా శాంపిల్ హామీ ఉంది. సంఘటన మాత్రం నిజంగా మీ దగ్గర జరిగిందే చెప్పండి. కల్పితమైతే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ప్రతి మీటింగ్‌కూ అడిగే మనిషిని మార్చండి. ఈ వారం లైసెన్స్ కన్సల్టెంట్, వచ్చే వారం కొరియర్ ఏజెంట్. ఇంట్లో గడియారం పెట్టుకుని గట్టిగా రెండుసార్లు చదువుకుంటే చాలు.

భాష విషయంలో ఒక మాట. మనకు తెలుగు మీటింగుల్లో కూడా ఇంగ్లీషులో నిలబడి మాట్లాడాలన్న మొహమాటం ఉంది. గదిలో సగం మందికి పైగా తెలుగువాళ్లే ఉంటే తెలుగులో చెప్పండి. తడబడుతూ చెప్పే ఇంగ్లీషు కంటే ధాటిగా చెప్పే తెలుగు మీ పనితనాన్ని బాగా చూపిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ, బేగంబజార్ వర్తకులు ఉన్నచోట హిందీనో ఉర్దూనో రెండు ముక్కలు వచ్చినా మంచిదే.

ఐదో మెట్టు: హాల్లో ఉన్నంతసేపు

పావుగంట ముందు వెళ్లండి. అప్పుడు జనం పలచగా ఉంటారు, నిర్వాహకుడు ఖాళీగా ఉంటాడు. "అన్నా, ఫుడ్ లైన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా వస్తున్నారా?" అని ఆయన్నే అడిగితే చేయి పట్టుకుని తీసుకెళ్లి పరిచయం చేస్తాడు. తెలిసినవాళ్ల పక్కన కూర్చోకండి, వాళ్లతో మాట్లాడటానికి ఫోన్ ఉంది. ఇద్దరు ముగ్గురితో పది నిమిషాలేసి మాట్లాడితే ఆ రోజుకు చాలు.

ముందు వాళ్ల పని అడగండి. "మీకు ఎలాంటి కస్టమర్ అయితే బాగుంటుందండి?" అన్న ప్రశ్న ఎవరూ అడగరు. అడిగినవాణ్ని అవతలివాళ్లు మరిచిపోరు. జవాబు విన్నాక కార్డు వెనక రెండు ముక్కలు రాయండి: "కొరియర్, మణికొండ, చిన్న ఎగుమతిదారులు కావాలి." వయసులో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఎదుటే ఫోన్‌లో టైప్ చేయడం చూడ్డానికి బాగోదు. పక్కకు వచ్చాక రాసుకోండి.

మీ ఊరు, మా ఊరు, ఇంటిపేరు, చుట్టరికం అని కులం గోత్రం దాకా తవ్వే అలవాటు మనలో కొందరికి ఉంది. ఊరి దాకా ఆగండి.

ఆరో మెట్టు: రెండు రోజుల్లోపు

నా దృష్టిలో అసలు పని ఇదే. మీటింగ్ అయిన రోజు సాయంత్రమో, మరునాడో ఈ పని కాకపోతే ఆ టిఫిన్ డబ్బులు దండగ.

కార్డును గూగుల్ లెన్స్‌తో ఫొటో తీస్తే నంబర్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కుతుంది. పేరు పక్కన పని, ఊరు కలిపి సేవ్ చేయండి. "రమేష్" అని సేవ్ చేస్తే మూణ్నెల్ల తర్వాత మీ ఫోన్‌లో ఉన్న ఏడుగురు రమేష్‌లలో ఎవరో తెలియదు. "రమేష్ కొరియర్ మణికొండ" అంటే వెతకడం తేలిక. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లు పెట్టుకోవచ్చు. "పరిచయం", "శాంపిల్ ఇచ్చాం", "మాట బాకీ" అనే మూడు సరిపోతాయి. రంగురంగుల లేబుళ్లు ఇరవై పెట్టుకున్నవాడు వారంలో అన్నీ వదిలేస్తాడు.

తర్వాత ఒక మెసేజ్. గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మ కాదు, కంపెనీ బ్రోచర్ పీడీఎఫ్ కాదు. ఆ మనిషితో మాట్లాడిన సంగతి అందులో ఉండాలి:

"నమస్తే సార్. నిన్న పొద్దున మీటింగ్‌లో కలిశాం, జీడిమెట్లలో అట్టపెట్టెలు చేస్తాను. మీకు చిన్న ఎగుమతిదారులు కావాలన్నారు. మా కస్టమర్ ఒకావిడ నెలనెలా డల్లాస్‌కు పొడులు పంపుతారు, ఇప్పటి కొరియర్‌తో ఆలస్యం అవుతోందట. ఆవిడను అడిగి, సరేనంటే మీ నంబర్ ఇస్తాను. వీలైతే వచ్చే వారం ఒకసారి మీ ఆఫీసుకు వస్తాను."

మీరేం అమ్ముతారో అందులో ఒక్క ముక్కే ఉంది. మిగతాదంతా ఆయన అవసరం. దీనికి జవాబు రాకపోవడం అరుదు.

ఫోన్ చేయాలనుకుంటే అవతలివాడి క్యాలెండర్ చూసుకోండి. ఆడిటర్లకు నెలలో 11న, 20న జీఎస్టీ గడువులు. జులై నెలాఖరు, సెప్టెంబరు నెలాఖరు ఊపిరాడదు. క్యాటరింగ్‌వాళ్లకు, ఫంక్షన్ హాల్‌వాళ్లకు ముహూర్తాల రోజుల్లో చేస్తే ఫోన్ ఎత్తరు. ఆషాఢంలో చేయండి, తీరిగ్గా మాట్లాడతారు. బట్టల షాపులవాళ్లకు మాత్రం ఆషాఢం డిస్కౌంట్ల హడావిడి.

ఒకరోజు వాళ్ల చోటుకు వెళ్లి అరగంట కూర్చోవడం పది మెసేజ్‌ల పని చేస్తుంది. వెళ్లినప్పుడు మీ శాంపిల్ ఒకటి, ఒక్కటే, తీసుకెళ్లండి. వాళ్లను మీ యూనిట్‌కు రమ్మనండి. మిషన్ నడుస్తుంటే చూసినవాడు మీ గురించి ఇంకొకరికి నమ్మకంగా చెప్పగలడు.

రికార్డుకు గూగుల్ షీట్‌లో ఒక పట్టిక చాలు: పేరు, ఎక్కడ కలిశాం, ఏం చేస్తారు, వాళ్లకు ఎవరు కావాలి, నేనేం మాటిచ్చాను, మళ్లీ ఎప్పుడు పలకరించాలి. శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు తెరిచి చూడండి. డబ్బు కట్టి వాడే సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు చూసుకునే) సాఫ్ట్‌వేర్ గురించి ఈ పట్టికలో రెండొందల పేర్లు దాటాక ఆలోచిద్దాం.

ఏడో మెట్టు: ఇద్దర్ని కలిపేటప్పుడు

ఎవరి నంబర్‌ అయినా ఇంకొకరికి ఇచ్చేముందు అడగాలి. ఇద్దర్నీ అడగాలి. ఇద్దరూ ఒప్పుకున్నాక ముగ్గురికీ కలిపి చిన్న వాట్సాప్ గ్రూప్ చేసి, ఎవరు ఎవరో, ఎందుకు కలుపుతున్నారో రెండు వాక్యాలు రాసి, వాళ్లు మాట్లాడుకోవడం మొదలెట్టాక మీరు తప్పుకోండి. వారం తర్వాత "ఏమైంది?" అని ఒక్కసారి అడగండి. పని జరిగిందో లేదో తెలియకుండా పరిచయాలు చేసుకుంటూ పోతే, మీరు పంపిన మనిషి పని చెడగొట్టిన సంగతి చివరగా తెలిసేది మీకే.

కమిషన్ మాట వస్తే ముందే తేల్చుకోండి. కొన్ని రంగాల్లో మామూలే. కానీ లాయర్లకు, ఆడిటర్లకు, డాక్టర్లకు పని కోసం ప్రచారం చేసుకోవడం మీద, పరిచయానికి కమిషన్ ఇవ్వడం మీద వాళ్ల వృత్తి మండళ్ల నిబంధనలు గట్టిగా ఉంటాయి. మీరు ఆ వృత్తిలో ఉంటే ఏ గ్రూపులో చేరేముందైనా ఆ నిబంధనలు చదవండి. మీరు పెట్టెలవాడైతే ఆడిటర్‌కు కవర్ ఇవ్వబోయి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి.

ఎనిమిదో మెట్టు: మధ్యలో కనిపిస్తూ ఉండటం

మీటింగుకూ మీటింగుకూ మధ్య మీరు గుర్తుండాలి, తలనొప్పి కాకూడదు. ఇందుకు వాట్సాప్ స్టేటస్ చాలా తక్కువగా వాడుకుంటున్న సాధనం. వారానికి రెండుసార్లు పని ఫొటో పెట్టండి: ఇవాళ లోడైన లారీ, కొత్త డై, వానలో తడిసినా నిలిచిన పెట్టె. చూడాలనుకున్నవాళ్లే చూస్తారు, ఎవరి ఫోనూ మోగదు.

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే మొదటి పరిచయంలోనే "నా నంబర్ సేవ్ చేసుకోండి సార్" అని అడగడం. నెలకు ఒక్క బ్రాడ్‌కాస్ట్ చాలు. కాగితం ధర పెరగబోతోందనో, దసరాకు ముందు ఆర్డర్లు ఫలానా తేదీలోగా ఇవ్వమనో, అవతలివాడికి పనికొచ్చే సంగతి ఉన్నప్పుడే పంపండి.

గ్రూపుల్లో ఎవర్నీ అడగకుండా చేర్చకండి. మిమ్మల్ని అలా చేర్చకుండా ఉండాలంటే వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూపుల దగ్గర "నా కాంటాక్ట్స్" అని మార్చుకోండి. వ్యాపార గ్రూపుల్లో రాజకీయాలు, సినిమా హీరోల గొడవలు మొదలైతే మ్యూట్ చేయండి. అక్కడ గెలిచిన వాదనతో ఏ ఆర్డరూ రాదు, పోవడం మాత్రం ఖాయం.

లింక్డ్‌ఇన్ మీద ఉన్నవాళ్లు, వారానికి ఒక పోస్టు పెట్టే తీరిక లేకపోతే, మీకు కావాల్సిన పదిమంది పోస్టుల కింద అర్థవంతమైన వ్యాఖ్య రాయండి. "కంగ్రాట్స్" కాకుండా, మీ అనుభవం నుంచి ఒక ముక్క.

తొమ్మిదో మెట్టు: "మన మనిషే కదా" దగ్గర జాగ్రత్త

పరిచయం మీద వచ్చే వ్యాపారానికి ఉన్న పెద్ద జబ్బు అప్పు. మొహమాటానికి పోయి మొదటి ఆర్డరే అరువు మీద ఇచ్చేస్తారు. మీటింగ్‌లో వారం వారం ఎదురుపడే మనిషిని బాకీ అడగలేక, చివరికి ఆ మీటింగ్‌కే వెళ్లడం మానేస్తారు. మొదటి ఆర్డర్‌కు సగం అడ్వాన్స్ అన్న నియమం కొటేషన్‌లోనే రాసి ఉంటే నోటితో అడగాల్సిన పని తప్పుతుంది.

చిన్న సంస్థలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఇవాళే చేయించుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. ఆ నంబర్ ఇన్వాయిస్ మీద వేయండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాసుకున్న ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆ గడువు దాటిన బాకీని కొన్నవాడు ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపలేడు, కట్టాకే చూపుకోవాలి. అందుకే ఇప్పుడు మార్చి నెలలో పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లే "మీకు ఉద్యమ్ ఉందా?" అని అడుగుతున్నారు. తయారీదారులకు, సేవలందించేవాళ్లకు ఇది పనిచేస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు.

కొత్త మనిషి పెద్ద ఆర్డర్ అంటే జీఎస్టీ పోర్టల్‌లో అతని నంబర్ కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందా, రిటర్నులు వేస్తున్నారా, చిరునామా కార్డులో ఉన్నదేనా అన్నది లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. "గవర్నమెంట్ ఆర్డర్ ఇప్పిస్తా, ముందు రిజిస్ట్రేషన్ ఖర్చులు కట్టు" అనేవాడు ఏ క్లబ్ బ్యాడ్జి పెట్టుకుని వచ్చినా దండం పెట్టి పంపేయండి.

పదో మెట్టు: ఆరు నెలల లెక్క

ఆరు నెలలకు పట్టిక తెరిచి నాలుగు అంకెలు తీయండి. ఫీజు, టిఫిన్లు, పెట్రోలు కలిపి అయిన ఖర్చు ఎంత? పోయిన గంటలు ఎన్ని? ఇందులో ప్రయాణం కూడా కలపాలి. పొద్దున ఏడింటికి జీడిమెట్ల నుంచి హైటెక్ సిటీకి తేలిగ్గా వెళ్లొచ్చు, తొమ్మిదింటికి తిరిగి రావడమే గండం. ఆ గది వల్ల వచ్చిన ఆర్డర్లలో మిగిలిన లాభం ఎంత? అమ్మకం కాదు, లాభం. నాలుగోది, మీరు ఎంతమందికి పని ఇప్పించారు?

లాభం లేదు, మీరు ఇచ్చిన పరిచయాలు కూడా లేవు అంటే గది తప్పు కాదు, ఇంకో ఆరు నెలలు అక్కడే ఉండి ఇవ్వడం మొదలుపెట్టండి. మీరు పది పరిచయాలు ఇచ్చినా తిరిగి ఒక్కటీ రాలేదంటే మీ ఐదుగురు అక్కడ లేరన్నమాట. అలాంటప్పుడు చెప్పాపెట్టకుండా మానేయొద్దు, నిర్వాహకుడికి ముందే ఫోన్ చేసి, "అన్నా, సభ్యత్వం పొడిగించడం లేదు, వేరే లైన్ చూస్తున్నాను" అని చెప్పండి. ఆ గ్రూపులోంచి బయటకు వచ్చేముందు, అక్కడ మీకు నిజంగా దగ్గరైన ఇద్దరు ముగ్గురి పేర్ల పక్కన పట్టికలో వచ్చే నెల తేదీ వేసుకోండి.